మా ఊలు దురద పెట్టదు

మా పెద్దమ్మ కొట్లో ఊలు కొనడం అంత తేలిక కాదు. "ఆ నీలం రంగుది ఇవ్వండి" అని ఎవరైనా అడిగితే, ఆవిడ కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకుని "ఎవరికి?" అంటుంది. మా ఆయనకి అంటే, "ఏం పని చేస్తాడు?" అంటుంది. బస్సు నడుపుతాడంటే, "అయితే వీపు మీద జడల డిజైను వద్దు. రోజంతా సీటుకి ఆనుకుని కూర్చునేవాడికి వీపంతా ముడులు గుచ్చుకుంటాయి. జడలు ముందు వేసుకో, వెనక సాదాగా అల్లు" అంటుంది. పెళ్ళి సంబంధం మాట్లాడుకునేటప్పుడు కూడా ఇన్ని ప్రశ్నలు వెయ్యరు. మొదటిసారి వచ్చినవాళ్ళు సగం మంది విసుక్కుంటారు. రెండోసారి వాళ్ళే వచ్చి, అడక్కముందే మొగుడి పుట్టుపూర్వోత్తరాలన్నీ చెప్పి కూర్చుంటారు.

నేను ఆవిడ చెల్లెలి కూతుర్ని. ఊలు తెప్పించడం, సర్దడం, పొడుగు కట్టలుగా వచ్చే చిలపల్ని విప్పి ఉండలు చుట్టడం నా వంతు. నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. ఆవిడకి కోపం రాదు, పట్టుదల వస్తుంది. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం. చిక్కేమిటంటే, ఆవిడ పట్టిన కుందేళ్ళకి చాలాసార్లు నిజంగానే మూడు కాళ్ళుంటాయి.

కొట్టు సన్నగా పొడుగ్గా ఉంటుంది. మూడు గోడలకీ నేల నుంచి కప్పు దాకా చెక్క అరలు, అరల నిండా ఊలు. వీధి వైపు ఒక పెద్ద కిటికీ, దాని ముందు బల్ల. రంగు ఎంచుకోవాలంటే ఆ బల్ల దగ్గరికి రావాల్సిందే. "ట్యూబులైటు కింద చూసిన రంగూ, మొహమాటానికి నవ్విన నవ్వూ గుమ్మం దాటితే నిలవవు" అంటుంది పెద్దమ్మ. రంగు కుదిరాక ఊలు ఉండని గడ్డం కింద పెట్టుకుని కళ్ళు మూసుకుని కాసేపు కూర్చోమంటుంది. వేళ్ళకి పని చేసి చేసి చర్మం మొద్దుబారి ఉంటుందట, గడ్డం కింది చర్మం మాత్రం ఉన్నదున్నట్టు చెప్తుందట. అది కూడా అయ్యాక ఒక్క ఉండ ఇచ్చి పంపేస్తుంది. అరచెయ్యంత ముక్క అల్లి, ఉతికి, ఆరబెట్టి తెచ్చి చూపిస్తేనే మిగతా ఊలు.

ఒకసారి పసిపాపని చంకన వేసుకుని ఒకమ్మాయి వచ్చింది. బొచ్చుబొచ్చుగా ఉన్న తెల్ల ఊలు చూసి ముచ్చటపడి చేతిలోంచి వదల్లేదు.

"పాపకా?" అంది పెద్దమ్మ.

"అవునండీ. మేఘంలా ఉంటుంది కదండీ."

"దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటుందా?"

"అబ్బో, చెప్పులతో సహా."

"మరి ఆ పిల్లకి బొచ్చు తినిపిస్తావా?"

ఆ అమ్మాయి గతుక్కుమని ఊలు కింద పెట్టేసింది. పెద్దమ్మ నవ్వి, నున్నగా మెలిపెట్టిన లేత పసుపు ఊలు తీసి ఇచ్చింది. ఆ అమ్మాయి సాయంత్రాలు దీపాల వెలుగులో అల్లుతుందని తెలుసుకుని, ముదురు రంగులవైపు చూడనివ్వలేదు. నల్లటి దారంలో కుట్టు కనపడక జారిపోయిందంటే మర్నాడు పగలు చూసుకుని ఏడవాల్సిందే. ఆ అమ్మాయి ఇప్పటికీ మా దగ్గరే కొంటుంది.

కొట్టు గుమ్మం పైన రేకు బోర్డు ఒకటి ఉంది. ఎర్ర రంగు మీద తెల్లటి అక్షరాలు. కొట్టు పేరు లేదు దాని మీద. "మా ఊలు దురద పెట్టదు" అని మాత్రం ఉంది. కొట్టు తెరిచిన రోజుల్లో బోర్డులు రాసే పెయింటరు నిచ్చెన వేసుకుని వచ్చి, "పేరేం రాయమంటారమ్మా?" అని అడిగితే, "పేరుని ఎవరూ తొడుక్కోరు. ఇది రాయండి" అని చెప్పిందట. ఆయన నవ్వుకుంటూ నిచ్చెనెక్కి, రేకు మీద ఒక్క పెన్సిలు గీత కూడా గియ్యకుండా, చెయ్యి పైకెత్తి ఏకబిగిన రాసి దిగాడట. చివర 'దు' కింద ఆయన తిప్పిన వంపుని పెద్దమ్మ ఇప్పటికీ మెచ్చుకుంటుంది.

చాలా ఏళ్ళకి ఆ పెయింటరు కొడుకునే మా అక్క, అంటే పెద్దమ్మ కూతురు, ఇష్టపడి చేసుకుంది. దాంతో పెయింటరూ పెద్దమ్మా వియ్యాలవారయ్యారు. ఆయన "చెల్లెమ్మా" అంటాడు, ఆవిడ "అన్నయ్యగారూ" అంటుంది, నేను పెయింటరు మామయ్య అంటాను. అప్పటికే ఆయన నిచ్చెనలెక్కడం మానేశాడు. "అచ్చు బ్యానర్లు వచ్చాక గోడ రాతలెవరిక్కావాలమ్మా" అనేవాడు. ఇంటి వసారాలో బల్ల వేసుకుని బళ్ళకి నెంబరు ప్లేట్లూ, తలుపులకి పేర్లూ రాసుకుంటూ ఉండేవాడు. కొడుకు ఎన్నిసార్లు "ఇంక చాల్లే నాన్నా, కూర్చో" అన్నా బ్రష్షు కింద పెట్టేవాడు కాదు. ఆ పనంటే ఆయనకి ప్రాణం.

కుటుంబంలోకి కొత్తగా ఎవరు వచ్చినా, వచ్చిన మొదటి చలికాలం వాళ్ళకి పెద్దమ్మ చేతి స్వెటరు అందుతుంది. అల్లుడికి అందింది. వియ్యపురాలికి అందింది. పెయింటరు మామయ్యకి ముదురు నీలం అల్లింది. గట్టి గొర్రె ఊలు, ఛాతీ మీద రెండు జడలు, గుండ్రటి మెడ, తల మీంచి తొడుక్కునే రకం. మూడో రోజున అక్క దాన్ని సంచిలో పెట్టుకుని వచ్చింది.

"మామయ్యకి మెడ దగ్గర దురదగా ఉందటమ్మా" అంది నేల చూపులు చూస్తూ.

"దురదా!" అంది పెద్దమ్మ. ఎవరో వచ్చి నువ్వు దొంగవి అన్నట్టుగా ఉంది ఆవిడ మొహం.

సరే, వయసు మీద పడ్డ మనిషి, చర్మం పల్చబడి ఉంటుంది అని సర్దిచెప్పుకుని, మెరినో అనే సన్నటి మేలిరకం గొర్రె ఊలుతో బూడిద రంగుది అల్లింది. అదీ తిరిగొచ్చింది. మెడ దగ్గరే, దురదే.

మధ్యాహ్నాలు మా కొట్లో అల్లుకోవడానికి కొందరు చేరతారు. అందులో ముఖ్యురాలు పక్కనే గుండీల కొట్టు నడిపే ఆవిడ, నేను వదినా అని పిలుస్తాను. మనసు మంచిదే, నోట్లో మాత్రం నువ్వుగింజ నానదు. రెండో స్వెటరు తిరిగొచ్చిన సంగతి ఆవిడకెలా తెలిసిందో తెలీదు, గుమ్మంలోనే అందుకుంది.

"ఏం పెద్దమ్మా, బోర్డు రాసినాయనే దురదంటే ఇంక మా బోటివాళ్ళ గతేంటి?"

అందరూ నవ్వారు. పెద్దమ్మ కూడా నవ్వింది. నవ్వుతూనే సూదులు ఒళ్ళో పెట్టుకుని చెప్పింది.

"ఇంకొకటి అల్లుతున్నా. అదీ దురదన్నాడంటే ఆ బోర్డు దించేస్తా. దించేసి, ఎంచి ఇవ్వడం కూడా మానేస్తా. ఎవరికేం కావాలో వాళ్ళే ఏరుకోండి."

వాళ్ళు దాన్ని సరదాగా తీసుకున్నారు. నేను మాత్రం నవ్వలేకపోయాను. మా పెద్దమ్మ మాటంటే మాటే. ఊలు ఏ కొట్లో అయినా దొరుకుతుంది. ఈ మనిషికి ఈ ఊలు, ఈ పనికి ఈ అల్లిక అని చెప్పడమే ఆవిడ బతుకు. అది మానేస్తే ఆ బల్ల వెనక కూర్చునే మనిషి మా పెద్దమ్మ కాదు.

మూడో స్వెటరుకి ఊలు ఎంచడానికి ఆవిడ పడ్డ తపన నేను మరే స్వెటరుకీ చూడలేదు. పిల్లి పొట్ట కింది బొచ్చంత మెత్తటి గోధుమరంగు ఊలు ప్రత్యేకంగా తెప్పించింది. తన గడ్డం కింద, నా గడ్డం కింద, గుండీల వదిన గడ్డం కింద పెట్టి చూసింది. పసుపు స్వెటరు పాప వస్తే, నిద్రపోతున్న దాని బుగ్గకి ఆనించింది. పాప కళ్ళు తెరవలేదు. "ఇది దురద పెడితే గాలి కూడా దురద పెట్టాలి" అంది పెద్దమ్మ ధీమాగా. మెడ పట్టీని లోపలివైపు రెండు మడతలు వేసి కుట్టింది, ఒక్క ముడి కూడా చర్మానికి తగలకుండా.

ఆ స్వెటరు వెనక్కి తేవడానికి ఈసారి పెయింటరు మామయ్యే వచ్చాడు. చినుకులు పడుతున్నాయి. గుమ్మం పక్కన గోడకి, తల ఎత్తున, గొడుగులు తగిలించే కొక్కెం ఉంది. అందరూ అక్కడే తగిలిస్తారు. ఆయన మాత్రం తడి గొడుగుని గోడకి చేరేశాడు. నీళ్ళు కారి కింద పెట్టిన ఊలు మూటల దాకా వస్తాయేమోనని నాకు చిరాకేసింది. లోపల గుండీల వదినా, ఇంకో ఇద్దరూ కూర్చుని అల్లుకుంటున్నారు.

"చెల్లెమ్మా, ఏమనుకోకండి. చాలా బాగుంది. నా మొహానికి ఇంత మంచిదెందుకు అనిపించింది. కానీ మెడ దగ్గర..." అంటూ ఆగి, కుడి భుజం తడుముకున్నాడు.

గుండీల వదిన చూపు గుమ్మం పైకి వెళ్ళింది.

పెద్దమ్మ స్వెటరు తీసుకుని కిటికీ దగ్గరికి నడిచింది. మెడ పట్టీని రెండు చేతుల వేళ్ళతో పట్టుకుని కొంచెం లాగి వదిలింది. తర్వాత లోపలి వైపుకి తిప్పి కుడి చంక దగ్గర చూసింది. అక్కడ ఒక కుట్టు పొడుగ్గా సాగి, వేలు దూరేంత ఉచ్చులా బయటికి వచ్చి ఉంది. ఆవిడ తలెత్తి గోడకి చేరేసిన గొడుగు వైపు చూసింది. ఆయన భుజం వైపు చూసింది.

నేనూ దగ్గరికి వెళ్ళి చూశాను. ఊలు కొట్లో పెరిగినదాన్ని, ఆ మాత్రం నాకూ తెలుసు. తల ఒక్కసారి దూరితే చాలు, మెడ పట్టీ కాస్తయినా సడలుతుంది. మళ్ళీ ఉతికితే గాని బిగువు రాదు. ఈ మెడ సూది మీంచి దించినప్పుడు ఎంత బిగువుగా ఉందో అంతే బిగువుగా ఉంది. ఇందులోంచి తల అనేది దూరనే లేదు. ఒంటి మీదకే రాని స్వెటరు మెడకి దురద ఎలా పెట్టింది? పెద్దాయన నోరారా అబద్ధం ఆడుతున్నాడు. నా కోపం సంగతి చెప్పానుగా.

"ఇది అసలు..." అన్నాను.

పెద్దమ్మ నా కాలు తొక్కింది. గట్టిగా తొక్కింది.

"అవును, ఇది దురదే" అంది అందరికీ వినపడేలా. "మెడ పట్టీ రెండు మడతలు వేసి పాడుచేశాను. ఎంపిక నాది, తప్పూ నాదే. మీరేం మొహమాటపడకండి అన్నయ్యగారూ, చెప్పడమే మంచిదైంది." నావైపు తిరిగి, "స్టూలు వేసి ఆ బోర్డు దించు" అంది.

పెయింటరు మామయ్య మొహం పాలిపోయింది. "అయ్యో, అంత పనెందుకు చెల్లెమ్మా! నా ఒంటి తత్వం అలాంటిది..."

"మాట అన్నాక ఆగకూడదు. దించవే."

నేను స్టూలు ఎక్కి మేకులు ఊడదీస్తుంటే ఆయన కింద నిలబడి, తాను రాసిన అక్షరాలు ఒక్కొక్కటే వంగి కిందికి రావడం చూశాడు. సాయం పట్టడానికి ఎడమ చెయ్యి ఒక్కటే చాచాడు. బోర్డుని తీసుకెళ్ళి మూలన, మొహం గోడవైపు తిప్పి పెట్టాను. ఆయన గొడుగు తీసుకుని, ఇంకా చినుకులు పడుతున్నా దాన్ని తెరవకుండానే వెళ్ళిపోయాడు.

వెనక గదిలోకి వెళ్ళాక నేను పేలిపోయాను. "ఆయన దాన్ని తొడుక్కోనే లేదు పెద్దమ్మా! మెడ చూశావుగా!"

"చూశాను. చంక చూశావా నువ్వు?"

పెట్టె తెరిచి మొదటి రెండు స్వెటర్లూ తీసి బల్ల మీద పరిచింది. రెండింటికీ మెడలు బిగువుగా ఉన్నాయి. రెండింటికీ కుడి చంక దగ్గర అదే చోట, ఒకదానికి కుట్టు సాగింది, ఇంకోదానికి తెగింది. తిరిగొచ్చినప్పుడు ఆవిడ మెడ లోపలివైపు ఊలుని రుద్ది రుద్ది చూసిందే గాని చంక వైపు చూడలేదు. దురద అనేసరికి ఆవిడ బుర్రంతా ఊలు మీదకే పోయింది.

"తొడుక్కోకపోవడం కాదే. తొడుక్కోలేకపోయాడు" అంది. "తల మీంచి వేసుకోవాలంటే రెండు చేతులూ పైకి లేవాలి. ఆయన కుడి చెయ్యి భుజం దాటి లేవడం లేదు. సగం దూర్చి, ఇరుక్కుని, పెనుగులాడి తీసేశాడు. మూడుసార్లూ అంతే. కొక్కేనికి గొడుగు తగిలించలేని మనిషి నిచ్చెనెక్కి ఏం రాస్తాడు? దురద మెడకన్నాడు, తడుముకున్నది భుజం."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు అనే సామెత నోటిదాకా వచ్చింది. ఆవిడ మొహం చూసి మింగేశాను.

"అదే మాట చెప్పేస్తే అయిపోయేదిగా! బోర్డు ఎందుకు దించడం?"

"చెప్తే బోర్డు ఉంటుంది, ఆయన దిగిపోతాడు. చెయ్యి పట్టేసిందని తెలిస్తే కొడుకు ఆ నెంబరు ప్లేట్లు కూడా రాయనివ్వడు. గుండీల వదిన వింటే సాయంత్రానికి వీధంతా తెలుస్తుంది. ఆయన ఎవరికీ తెలియకుండా ఇన్నాళ్ళూ లాక్కొస్తున్నాడు. నేను చూశానని ఆయనకైనా చెప్తే, పాపం, ఇంక దాచుకోవడానికేం మిగులుతుంది?"

"మరి నీ మాట? నీ ఊలు?"

"ఊలుదేముంది, రేపైనా మెత్తగానే ఉంటుంది" అంది. అని, తలుపులోంచి కనపడుతున్న బోర్డు మూల వైపు చూడకుండా వెళ్ళి స్టవ్ మీద టీ పెట్టింది. చూడలేకపోయిందని నాకు తెలుసు.

ఆ తర్వాతి రోజులు తల్చుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. పెద్దమ్మ అన్నంత పనీ చేసింది. ఎవరు వచ్చినా "అరల్లో ఉన్నాయి, చూసుకోండి" అనేది. పోస్టు పంచే ఆయన భార్య, వానలో తిరిగే మొగుడికి, తడిస్తే ఎప్పటికి ఆరుతుందో తెలియని లావుపాటి ఊలు పట్టుకెళ్ళింది. పెద్దమ్మ వేళ్ళు బల్ల మీద కదిలాయి గాని నోరు కదల్లేదు. గుండీల వదిన వాళ్ళమ్మకి శాలువా అల్లుతానని జరీ కలిపిన మెరుపుల ఊలు ఏరుకుంది. అది మెడకి తగిలితే ఇసుక కాగితంతో రాసినట్టు ఉంటుంది. "ఎలా ఉంది పెద్దమ్మా నా ఎంపిక?" అని అడిగింది కూడా. పెద్దమ్మ "మెరుస్తోంది" అంది. కొత్తవాళ్ళెవరో గుమ్మం పైన మేకుల కన్నాలు చూసి, ఇక్కడ ఊలు దురదటగా అని మాట్లాడుకుంటూ ముందుకి వెళ్ళిపోయారు. నేను వాళ్ళ వెంట పడబోతే పెద్దమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది.

"కందకి లేని దురద కత్తిపీటకెందుకే?" అంది.

ఈ దురద గోలలో ఆ సామెత విని కోపం పోయి నవ్వొచ్చింది. ఆవిడా నవ్వింది. చాలా రోజుల తర్వాత ఇద్దరం అలా కడుపారా నవ్వుకున్నాం.

అందరూ వెళ్ళిపోయాక మాత్రం ఆవిడ నాలుగో స్వెటరు పని మొదలుపెట్టింది. ఈసారి ఊలు దగ్గర మొదలుపెట్టలేదు. తన కుడి చేతిని పక్కకి తువ్వాలుతో కట్టించుకుని, నా స్వెటర్లూ అల్లుడి కోట్లూ ఒక్కొక్కటే తొడుక్కోవడానికి ప్రయత్నించింది. ముందు తెరిచి ఉండాలి, అది సరే. చంక దగ్గర కుట్టు బిగిస్తే మోచెయ్యి దూరదు కాబట్టి మెడ నుంచి ఏటవాలుగా దిగే భుజం కావాలి. చంక లోతుగా, వదులుగా ఉండాలి. ముంజేతి దగ్గర పట్టీ బిగువుగా ఉండకూడదు. గుండీలు పెద్దవి ఉండాలి, ఎడమ చేత్తో పెట్టుకునేలా అవి ఎడమవైపు, కన్నాలు కుడివైపు ఉండాలి. మెత్తటి బొచ్చు ఊలు పనికిరాదు, చొక్కా చేతిని పట్టుకుని జరగనివ్వదు. నున్నగా, గట్టిగా మెలిపెట్టిన ఊలు అయితే చొక్కా మీద సులువుగా జారుతుంది.

"అలాంటిది మన దగ్గరేముంది?" అని అడిగాను.

ఆవిడ మొదటి నీలం స్వెటరు తీసి నా ఒళ్ళో పడేసింది. "విప్పు" అంది.

నాకు అప్పుడు అర్థమైంది. మొట్టమొదట ఎంచిందే సరైన ఊలు. ఆవిడ ఎంపిక తప్పలేదు, తప్పింది అల్లిక. అది గమనించక ఆవిడ ఊలుని మార్చుకుంటూ పోయింది. నేను కుట్టు వెనక కుట్టు లాగుతూ విప్పాను. మెలికలు మెలికలుగా వచ్చిన దారాన్ని చిలపగా చుట్టి, గోరువెచ్చటి నీళ్ళలో ముంచి, కింద ఇనప సూదుల కట్ట వేలాడదీసి ఆరబెట్టాం. మర్నాటికి వెంట్రుకలు దువ్వినట్టు సాఫుగా వచ్చింది. పెద్దమ్మ దాన్ని గడ్డం కింద పెట్టుకుని కళ్ళు మూసుకుంది. "దీన్నా దురదన్నారు!" అంది.

జడలు ఈసారి వెయ్యలేదు. గుండీలు మాత్రం వదిన కొట్లోనే కొంది, కొమ్ముతో చేసినవి, పెద్దవి. ఎవరికని ఆవిడ గుచ్చి గుచ్చి అడిగింది. "పెద్ద గుండీలు ఇష్టపడేవాళ్ళకి" అని చెప్పి వచ్చేసింది. అల్లడం అయ్యాక అక్క చేతికి ఇచ్చి, "ఇది మెడకి ఆనదు, ముందు తెరుచుకునే రకం, ఈ ఏడు అందరూ ఇవే వేసుకుంటున్నారని చెప్పు" అని పంపించింది.

వారం గడిచినా అటునుంచి ఉలుకూ పలుకూ లేదు. సంచీ మాత్రం తిరిగి రాలేదు. అదొక్కటే ధైర్యం.

ఒక మధ్యాహ్నం కొట్లో అందరూ ఉండగా పెయింటరు మామయ్య వచ్చాడు. నీలం స్వెటరు, కింద నుంచి మెడ దాకా అన్ని గుండీలూ పెట్టుకుని ఉన్నాడు. ఎడమ చేతిలో రంగుల పెట్టె. వచ్చి తిన్నగా మూలకి వెళ్ళి, బోర్డుని ఇటు తిప్పి, తీసుకొచ్చి కిటికీ ముందు బల్ల మీద పడుకోబెట్టాడు. మేకులు పీకినచోట రంగు లేచిపోయింది, అక్షరాల అంచులు మాసిపోయాయి.

"మళ్ళీ రాస్తాను చెల్లెమ్మా" అన్నాడు.

పెద్దమ్మ తల అడ్డంగా ఊపింది. "దించిన మాట మళ్ళీ ఎక్కించకూడదు అన్నయ్యగారూ. రాయాలనుంటే ఇంకేదైనా రాయండి."

"ఒక్క అక్షరం మార్చను" అన్నాడాయన.

కూర్చుని, చొక్కా మీద స్వెటరు చేతిని ఎడమ చేత్తో వెనక్కి జరుపుకున్నాడు. అది జారి మోచేతి దగ్గర ఆగింది. కుడి చెయ్యి బల్ల మీద ఆనించి, గబగబా ఆరే ఎర్ర రంగు పూసి, అది ఆరేదాకా టీ తాగి, తెల్ల రంగులో బ్రష్షు ముంచాడు. వణకలేదు. గీత గియ్యలేదు. వదినా మిగతావాళ్ళూ అల్లికలు పక్కన పెట్టి చుట్టూ చేరారు. చివర 'దు' కింద ఆ వంపు ఒక్క ఊపులో తిప్పాడు. పెద్దమ్మ "అదీ" అంది, తనకి తెలియకుండానే.

గుండీల వదిన ఉండబట్టలేకపోయింది. "అయితే అన్నయ్యగారూ, ఆ దురద..."

ఆయన బ్రష్షు గుడ్డకి తుడిచి పెట్టెలో పెట్టాడు. మూత వేశాడు. లేచి నిలబడి నావైపు చూశాడు.

"అమ్మాయ్, బోర్డు నువ్వే తగిలించు. నా కుడి చెయ్యి భుజం దాటి లేవడం లేదు. అందుకే అప్పుడు స్వెటర్లు తొడుక్కోలేకపోయాను. ఊలుకేం దురద లేదు, ఆ మాట నేను కల్పించి చెప్పాను." రంగుల పెట్టె ఎడమ చేతిలోకి తీసుకుని, "పొద్దున మావాడికి కూడా చెప్పాను. రేపు డాక్టరు దగ్గరికి తీసుకెళ్తానన్నాడు. బల్ల మీద రాసుకోవడం మాత్రం మాననని చెప్పేశాను" అన్నాడు.

గుండీల వదిన వెళ్ళి తన అల్లిక ఒళ్ళోకి లాక్కుని, తల వంచుకుని కూర్చుంది. పెద్దమ్మ కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది, అద్దాలు శుభ్రంగానే ఉన్నా.

నేను స్టూలు వేసుకుని గుమ్మం పైన, పాత కన్నాల్లోనే మేకులు కొట్టాను. ఎడమవైపు కాస్త దించు అని పెయింటరు మామయ్య కింద నుంచి చెప్తున్నాడు. లోపల్నుంచి పెద్దమ్మ గొంతు ఖంగుమని వినపడింది. వదిన ఒళ్ళోంచి ఆ జరీ ఊలు లాక్కుంటోంది.

"ఇదెవరు ఏరుకోమన్నారు నిన్ను? ఇటియ్యి ముందు. ఎవరికి?"